స్కూల్‌కి జర్మన్ ఎంబసీతో పార్ట్‌నర్‌షిప్ అట, పిల్లలకు నిజంగా ఒరిగేదేంటి?

కుందలహళ్లి_ఒంగోలు

అందరికీ నమస్కారం. మాది ఒంగోలు. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి కుందలహళ్లి దగ్గర ఉంటున్నాం. పాప ఐదో తరగతి, సీబీఎస్ఈ స్కూల్.

పోయిన శనివారం పేరెంట్స్ మీటింగ్‌లో ప్రిన్సిపాల్ గారు ఒక ప్రకటన చేశారు. మా స్కూల్‌కి జర్మన్ ఎంబసీతో పార్ట్‌నర్‌షిప్ కుదిరిందట. స్టేజీ మీద రెండు దేశాల జెండాలు పెట్టి, తెర మీద మంచులో ఆడుకుంటున్న పిల్లల ఫొటోలు చూపించారు. ఆరో తరగతి నుంచి హిందీకి బదులు జర్మన్ తీసుకోవచ్చు, బాగా చదివేవాళ్లను జర్మనీ పంపిస్తారు, పన్నెండు అయ్యాక అక్కడ ఉచితంగా డిగ్రీ చదువుకోవచ్చు అన్నారు. జర్మన్ తీసుకుంటే ఏడాదికి నలభై వేలు అదనం. నెలాఖరులోగా ఫారం ఇచ్చేయాలి.

అప్పట్నుంచీ మా ఇంట్లో ఇదే చర్చ. మా ఆయన టీమ్‌లో ఇద్దరు మ్యూనిక్ వెళ్లి స్థిరపడ్డారు. ఇందులో ఆలోచించడానికేముంది, వెంటనే చేర్పించేద్దాం అంటారు ఆయన. మా అత్తయ్యగారేమో, "దానికి తెలుగులో గుణింతాలే సరిగ్గా రావు. ఇంగ్లిష్, కన్నడ, హిందీ ఉన్నాయి, మళ్లీ ఇంకోటి కూడానా?" అంటున్నారు. నాకైతే ఇద్దరి మాటలోనూ న్యాయం ఉందనిపిస్తోంది.

ఇలాంటి ఒప్పందం ఉన్న స్కూళ్లలో మీ పిల్లలు చదువుతుంటే చెప్పండి. నిజంగా విదేశాలకు పంపుతారా? పంపితే ఎవరిని పంపుతారు? హిందీ వదిలేస్తే పెద్ద తరగతుల్లో ఇబ్బంది అవుతుందా? నలభై వేలు మాకు చిన్న మొత్తం కాదు. కానీ పాపకి మంచి దారి దొరుకుతుందంటే ఎలాగో సర్దుకుంటాం. అందుకే అడుగుతున్నా.

---

నెల్లూరు_జర్మన్_టీచర్

నమస్తే అండి. మాది నెల్లూరు, చాలా ఏళ్లుగా బెంగళూరు స్కూళ్లలో జర్మన్ చెప్తున్నాను. నాకు ప్రాణమైన సబ్జెక్టు కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా, ఎంబసీ ఉండేది ఢిల్లీలో. బెంగళూరులో ఉన్నది కాన్సులేట్ జనరల్. స్కూళ్లతో రోజువారీ పని సాధారణంగా ఈ రెండూ చేయవు. వేరే దేశాల్లో జర్మన్ నేర్పే స్కూళ్లకు తోడ్పడటానికి జర్మనీ విదేశాంగ శాఖ 2008లో 'పాష్' అనే కార్యక్రమం మొదలుపెట్టింది. అప్పుడు విదేశాంగ మంత్రిగా ఉన్న స్టైన్‌మైయర్ గారే తర్వాత ఆ దేశాధ్యక్షుడయ్యారు. ప్రపంచం మొత్తం మీద సుమారు 2,000 స్కూళ్లు ఇందులో ఉన్నాయి. మన దగ్గర ఈ పనిని ఎక్కువగా చూసేది జర్మన్ భాష, సంస్కృతి కోసం పనిచేసే గోథే ఇన్‌స్టిట్యూట్, అంటే ఇందిరానగర్‌లో ఉన్న మాక్స్ ముల్లర్ భవన్. కాబట్టి ప్రిన్సిపాల్ గారిని మీరు మొట్టమొదట అడగాల్సింది, "సంతకం పెట్టింది ఎవరు, ఎన్నేళ్లకి?" అని. పాష్ స్కూల్ అయితే ఆ వెబ్‌సైట్‌లోని మ్యాప్‌లో పేరు కనబడుతుంది, ఇంట్లో కూర్చునే చూసుకోవచ్చు. అలా కాకుండా, ఏదో ఒక కార్యక్రమానికి ఒక అధికారి వచ్చి, దీపం వెలిగించి, ఫొటో దిగి వెళ్తే దాన్నే పార్ట్‌నర్‌షిప్ అని బ్రోషర్‌లో వేసుకున్న స్కూలు కూడా నాకు తెలుసు. ఆ ఫొటో చూసి డబ్బు కట్టిన తల్లిదండ్రులను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

నిజమైన ఒప్పందం అయితే పిల్లలకు చాలానే వస్తుంది. అందరూ జర్మనీ ట్రిప్ గురించే మాట్లాడతారు గానీ, నా దృష్టిలో అన్నిటికంటే విలువైనది టీచర్‌కి దొరికే శిక్షణ. గోథే వాళ్లు టీచర్లకు కోర్సులు పెడతారు, క్లాసుకి సామగ్రి ఇస్తారు, పాఠం ఎలా చెప్తున్నామో వచ్చి చూస్తారు. ఆ టీచర్ చేతి కింద చదివే ప్రతి పిల్లకీ అది అందుతుంది. జర్మనీలో మూడు వారాల యూత్ కోర్సుకి స్కాలర్‌షిప్ మాత్రం స్కూల్ మొత్తానికి ఒకరికో ఇద్దరికో వస్తుంది, ఒక్కో ఏడాది ఎవరికీ రాకపోవచ్చు. నలభై వేలు కట్టిన ప్రతి ఇంటికీ ఆ ట్రిప్ ఆశ చూపించడం ధర్మం కాదు.

ఇంకోటి, పరీక్షలు. స్కూల్‌లో వచ్చే మార్కులు వేరు, గోథే వాళ్ల సర్టిఫికెట్ వేరు. పిల్లల కోసం వాళ్ల మొదటి మెట్టు 'ఫిట్ ఇన్ డాయిచ్ 1', అంటే ఏ1 అనే అన్నిటికన్నా తొలి స్థాయి. చదవడం, వినడం, రాయడంతో పాటు మాట్లాడే పరీక్ష కూడా ఉంటుంది. బొమ్మ ఉన్న చీటీ తీసి, దాన్నిబట్టి ఎదుటివాళ్లను ఏదో ఒకటి అడగాలి. ఒకసారి మేము ఆ మాట్లాడే పరీక్షకి నమూనాగా మాక్ ఓరల్ పెట్టాం. క్లాసులో వందకి తొంభై ఆరు తెచ్చుకునే బాబుకి కిటికీ బొమ్మ వచ్చింది. "కాస్త కిటికీ తెరుస్తావా" అని అడిగితే చాలు. ఆ అబ్బాయికి కిటికీ అనే మాట వచ్చు, తెరవడం అనే క్రియ అన్ని కాలాల్లోనూ వచ్చు, కానీ నోరు పెగల్లేదు. తర్వాత వచ్చిన పాపవి ఎప్పుడూ అత్తెసరు మార్కులే. నీళ్ల సీసా బొమ్మ చూసి, "దాహంగా ఉంది, ఇస్తావా" అని సొంతంగా ఒక ముక్క కలిపి మరీ అడిగేసింది. ఆ ఒప్పందం వల్ల మీ పాప ఆ రెండో పాపలా మాట్లాడగలుగుతుందా అన్నదే చూడండి. అది తెలియాలంటే ఏడో తరగతి జర్మన్ క్లాసులో ఒక పీరియడ్ కూర్చుంటానని అడగండి. క్లాసులో టీచర్ ఒక్కరే మాట్లాడుతున్నారా, పిల్లలు కూడా మాట్లాడుతున్నారా అన్నది పది నిమిషాల్లో తెలిసిపోతుంది.

ఇక హిందీకి బదులు అన్న విషయం. దీనికి నేను గట్టిగా వద్దంటాను. కేంద్రీయ విద్యాలయాల్లో ఏం జరిగిందో చూడండి. 2011లో వాళ్లు గోథేతో ఒప్పందం చేసుకున్నారు, పిల్లలు సంస్కృతానికి బదులు జర్మన్ తీసుకున్నారు. 2014 నవంబరులో, సగం ఏడాది గడిచాక, మూడో భాషగా జర్మన్ ఉండకూడదని ప్రభుత్వం తేల్చేసింది. సుమారు 70,000 మంది పిల్లలు ఉన్నట్టుండి సంస్కృతానికి మారాల్సి వచ్చింది. వ్యవహారం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. మరుసటి ఏడాది మన దేశం, జర్మనీ మాట్లాడుకుని దాన్ని అదనపు భాషగా నేర్పేలా ఒప్పుకున్నాయి. అంటే రెండు ప్రభుత్వాల మధ్య ఉన్న ఒప్పందమే అలా తిరగబడింది. అందులో ఆ పిల్లల తప్పు ఏమీ లేదు.

ఇప్పుడు మన పరిస్థితికి వస్తే, కర్ణాటకలో 2015 చట్టం ప్రకారం ఏ బోర్డు అయినా కన్నడ తప్పదు. 2020 జాతీయ విద్యా విధానమేమో మూడు భాషల్లో రెండు మన దేశ భాషలే కావాలంటోంది. ఇంగ్లిష్, కన్నడ, జర్మన్ పెడితే మన దేశ భాష ఒక్కటే అవుతుంది. రేపు బోర్డు గట్టిగా పట్టుకుంటే మీ పాప ఎనిమిదిలోనో తొమ్మిదిలోనో హిందీ అక్షరాలతో మొదలుపెట్టాలి. అందుకే ఇంగ్లిష్, కన్నడ, హిందీ మూడూ అలాగే ఉంచి, జర్మన్ అదనంగా నేర్పించండి. స్కూల్ ఒప్పుకోకపోతే మాక్స్ ముల్లర్ భవన్ ఎలాగూ ఉంది. కుందలహళ్లి నుంచి ఇందిరానగర్‌కి పర్పుల్ లైన్ మెట్రోలో నేరుగా వెళ్లొచ్చు.

మీ అత్తయ్యగారి మాట తీసిపారేయకండి. జర్మన్‌లో నాలుగు విభక్తులుంటాయి. ఇంగ్లిష్ ఒక్కటే బాగా వచ్చిన పిల్లలకు అక్కడే బుర్ర తిరిగిపోతుంది. తెలుగు పిల్లలకు నేను బోర్డు మీద "రాముడు, రాముణ్ణి, రాముడికి, రాముడి" అని రాస్తాను. తెలుగు చదవడం వచ్చిన పిల్లలు, "ఓ, ఇంతేనా టీచర్" అంటారు. ఇంట్లో మాట్లాడటం మాత్రమే వచ్చినవాళ్లకు అంత తొందరగా అందదు. సెలవుల్లో మీ అత్తయ్యగారి దగ్గర పాపకి గుణింతాలు, ఒత్తులు పూర్తి చేయిస్తే రేపు జర్మన్‌కీ అదే పనికొస్తుంది.

---

పెరంబూర్_నాన్న

టీచర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మాది చెన్నై. మా నాన్నగారు ఇక్కడి రైలు పెట్టెల ఫ్యాక్టరీ ఐసీఎఫ్‌లో పనిచేసేవారు, అప్పట్నుంచీ పెరంబూరులోనే ఉంటున్నాం. మా అబ్బాయి పదో తరగతిలో ఉండగా ఆ మూడు వారాల కోర్సుకి వెళ్లొచ్చాడు.

వాడికి ఏం ఒరిగిందో చెప్తాను. బవేరియాలో ఒక హాస్టల్‌లో ఉంచారు. వాడి గదిలో మిగతా పిల్లలు వేరే వేరే దేశాలవాళ్లు, ఒకడికి ఇంగ్లిష్ ముక్క రాదు. దుప్పటి అడగాలన్నా, ఫుట్‌బాల్‌లో పాస్ ఇవ్వమనాలన్నా జర్మనే దిక్కు. వెళ్లేటప్పుడు ప్రతి వాక్యం మనసులో కట్టుకుని మాట్లాడేవాడు. వచ్చాక తప్పో ఒప్పో గడగడా మాట్లాడుతున్నాడు. ఇక్కడ ఎన్ని ట్యూషన్లు పెట్టించినా ఆ మార్పు రాదు. టికెట్, వసతి, భోజనం, కోర్సు అన్నీ వాళ్లే చూసుకున్నారు. మా ఖర్చల్లా పాస్‌పోర్ట్, చలి బట్టలు, చేతి ఖర్చు.

ఎంపిక విషయంలో మాత్రం జాగ్రత్తగా ఉండండి. మా పెద్దమ్మాయి చదివిన స్కూల్‌కి కూడా ఒక దేశంతో ఇలాంటి ఒప్పందమే ఉండేది. అక్కడ ఎవరు వెళ్తారన్నది మేనేజ్‌మెంట్ గదిలో తేలిపోయేది, పేరు బయటికి వచ్చాకే మిగతావాళ్లకు ఆ అవకాశం ఉందని తెలిసేది. పాప ఎంత ఏడ్చిందో నాకు తెలుసు. అబ్బాయి స్కూల్‌లో అలా కాదు. రాత పరీక్ష, టీచర్‌తో సంభాషణ, "నేనెందుకు వెళ్లాలనుకుంటున్నాను" అని జర్మన్‌లో ఒక పేజీ. ఈ మూడింటికీ ఎన్నేసి మార్కులో ముందే నోటీస్ బోర్డులో పెట్టారు. ఎంపిక కాని పిల్లలు కూడా ఆ మార్కులు చూసి సరే అనుకున్నారు. మీ ప్రిన్సిపాల్ గారిని ఆ పద్ధతి కాగితం మీద చూపించమనండి.

ఇంకో చిన్న సంగతి. పిల్లలు ఒంటరిగా వెళ్తారు కాబట్టి వీసాకి తల్లి, తండ్రి ఇద్దరి సమ్మతి పత్రం కావాలి, బర్త్ సర్టిఫికెట్ కావాలి. బర్త్ సర్టిఫికెట్‌లో పేరు ఒకలా, పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు ఇంకోలా ఉండటం మన తెలుగువాళ్ల ఇళ్లలో మామూలే. ఎంపికయ్యాక సరిచేయిద్దాం అనుకుంటే టైం చాలదు, ఇప్పుడే చూసుకోండి.

---

ఒసాకా_తెనాలి

అక్కా, నేను వేరే దేశం సంగతి చెప్తాను, కానీ మీకు పనికొస్తుంది. మాది తెనాలి, ప్లస్ టూ చెన్నైలో చదివాను. మా స్కూల్‌కి ఏ దేశంతోనూ ఒప్పందం లేదు. అసలు కాన్సులేట్ అనే మాట మా స్కూల్‌లో ఎవరి నోటా వినలేదు. అయినా జపాన్ ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద డిగ్రీ చదివాను.

దాన్ని మెక్స్ట్ అంటారు. నోటిఫికేషన్ ఎంబసీ, కాన్సులేట్ వెబ్‌సైట్లలో వస్తుంది. ఏ స్కూల్‌లో చదివినవాళ్లైనా సొంతంగా అప్లై చేసుకోవచ్చు, ప్రిన్సిపాల్ నుంచి ఒక సిఫార్సు లేఖ ఉంటే సరిపోతుంది. సైన్స్ వాళ్లకు గణితం, సైన్స్ సబ్జెక్టులు, ఇంగ్లిష్, జపనీస్ పేపర్లు ఉంటాయి, తర్వాత ఇంటర్వ్యూ. పాత ప్రశ్నపత్రాలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. లెక్కల పేపర్ మన ఎంసెట్‌లా ఉండదు, ప్రశ్నలు తక్కువే గానీ లోతుగా ఉంటాయి. ఎంపికైతే ఫీజు, రానుపోను విమాన టికెట్లు వాళ్లవే. నేను వెళ్లినప్పుడు నెలకు 1,17,000 యెన్లు ఇచ్చేవారు. మొదటి ఏడాదంతా జపనీసే నేర్పిస్తారు, నేను ఒసాకా యూనివర్సిటీలో నేర్చుకున్నాను. ఆ తర్వాత నాలుగేళ్ల డిగ్రీ.

నేను చెప్పొచ్చేదేంటంటే, స్కూల్ ద్వారా మాత్రమే వచ్చే అవకాశాలు కొన్ని ఉంటాయి, ఆ జర్మనీ కోర్సు అలాంటిదే. ఎవరైనా నేరుగా అందుకోగలిగేవి అంతకన్నా పెద్దవి ఉన్నాయి. మా క్లాసులో నాకన్నా తెలివైనవాళ్లు ఉన్నారు, కానీ వాళ్లెవరికీ ఇది ఉందనే తెలీదు. నాకూ మా మావయ్య చెప్తేనే తెలిసింది. స్కూళ్లు జెండాల పండగ చేసే బదులు ఈ నోటిఫికేషన్లను పదకొండో తరగతి పిల్లలకు చదివి వినిపిస్తే ఎంత బాగుంటుందో! ఊళ్లో మన పిల్లలెవరైనా ఉంటే వాళ్లకూ చెప్పండి.

---

స్టుట్‌గార్ట్_చిత్తూరు

"ఉచితంగా డిగ్రీ" అన్నారు కదా, అక్కడ ఒక్క నిమిషం ఆగండి. జర్మనీలో చాలా ప్రభుత్వ యూనివర్సిటీల్లో ట్యూషన్ ఫీజు లేని మాట నిజమే. కానీ నేనుండే బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రంలో 2017 నుంచి మనలాంటి బయటి దేశాలవాళ్లు సెమిస్టర్‌కి 1,500 యూరోలు కట్టాలి. మ్యూనిక్ టెక్నికల్ యూనివర్సిటీ కూడా 2024 నుంచి ఫీజు పెట్టింది. ఫీజు లేనిచోటైనా బతకడానికి డబ్బు చూపించాలి. ఏడాదికి 11,904 యూరోలు ముందే బ్లాక్డ్ అకౌంట్‌లో, అంటే నెలనెలా కొంతే తీసుకోనిచ్చే ఖాతాలో వేయాలి. ఈ అంకె ఎప్పటికప్పుడు పెరుగుతూనే వచ్చింది, మీ పాప టైంకి ఇంకా పెరగొచ్చు.

పైగా సీబీఎస్ఈ పన్నెండుతో నేరుగా ఏ కోర్సులో పడితే ఆ కోర్సులో సీటు ఇవ్వరు. జేఈఈ అడ్వాన్స్‌డ్ పాసై ఉండాలి, లేదా ఇండియాలో డిగ్రీ మొదటి ఏడాది పూర్తి చేసి వెళ్లాలి. సర్టిఫికెట్లను ఏపీఎస్ వాళ్లు, అంటే మన చదువు పత్రాలను సరిచూసే జర్మన్ ఎంబసీ విభాగం వాళ్లు పరిశీలించడం 2022 నవంబరు నుంచి తప్పనిసరి. బ్యాచిలర్స్ ఎక్కువగా జర్మన్‌లోనే ఉంటుంది, దానికి స్కూల్ జర్మన్ చాలదు, ఇంకా చాలా పైకి వెళ్లాలి. భయపెట్టడానికి చెప్పట్లేదు. జర్మన్ ముందే వచ్చినవాళ్లు ఇక్కడ మాకన్నా ఎంతో హాయిగా ఉంటారు, పార్ట్‌టైం పనైనా, ఇల్లు వెతుక్కోవడమైనా. నేర్పించండి, కానీ ఉచితం అనే మాట నమ్మి కాదు.

---

కుందలహళ్లి_ఒంగోలు

అందరికీ చాలా చాలా థ్యాంక్స్ అండి. ఇవన్నీ మా ఆయనకీ అత్తయ్యగారికీ చదివి వినిపించాను. నిన్న ఇద్దరం స్కూల్‌కి వెళ్లాం.

ఒప్పందం చూపించమంటే ప్రిన్సిపాల్ గారు ఫైల్ తెప్పించారు, దాచలేదు. అది ఎంబసీతో కాదు, పాష్ కూడా కాదు. అక్కడి ఒక స్కూల్‌తో పిల్లలు ఆన్‌లైన్‌లో కలిసి ప్రాజెక్టులు చేసుకునే ఏర్పాటు. కాన్సులేట్ నుంచి శుభాకాంక్షల ఉత్తరం ఒకటి జత చేసి ఉంది. అవతలి పిల్లలతో కలిసి పనిచేయడం మంచిదే, నాకు నచ్చింది కూడా. కానీ మీటింగ్‌లో చెప్పింది అది కాదని ఆయనకి మర్యాదగానే చెప్పాను. నలభై వేలలో సర్టిఫికెట్ పరీక్ష ఫీజు కలిసి లేదు, ప్రయాణాల ఖర్చు కూడా తల్లిదండ్రులదేనట. ఏడో తరగతి క్లాసులో కూర్చోవడానికి మాత్రం ఒప్పుకున్నారు. టీచర్ బాగా చెప్తున్నారు, పిల్లలు కూడా మాట్లాడుతున్నారు. పాపం, ఆవిడకి వారానికి రెండే పీరియడ్లు ఇచ్చారు.

హిందీ ఉంచేస్తున్నాం. ఫారం ఇవ్వట్లేదు. జర్మన్ వేరుగా నేర్పిద్దామని ఆయన కూడా ఒప్పుకున్నారు. టీచర్ గారూ, ఇప్పుడే మొదలుపెట్టాలా, ఒక ఏడాది ఆగొచ్చా?

---

నెల్లూరు_జర్మన్_టీచర్

ఆగొచ్చండి, ఏం పర్వాలేదు. ఏడులో మొదలుపెట్టినా వారం వారం మానకుండా వెళ్తే పదో తరగతికి ఏ1 తర్వాతి మెట్టు ఏ2 హాయిగా అందుతుంది. మాక్స్ ముల్లర్ భవన్‌కి ఒకసారి ఫోన్ చేసి, పాప వయసు చెప్పి, పిల్లల బ్యాచ్‌లు ఏ నెలలో మొదలవుతాయో, ఆన్‌లైన్‌లో ఉన్నాయో లేవో కనుక్కోండి. ఏడో తరగతి టీచర్ గురించి మీరు రాసింది చదివి సంతోషం వేసింది. వీలైతే ఇంకో నలుగురు తల్లిదండ్రులతో కలిసి, ఆవిడకి పీరియడ్లు పెంచమనీ, పాష్ గురించి గోథే వాళ్లను అడిగి చూడమనీ స్కూల్‌కి ఒక ఉత్తరం రాయండి. ఎలా రాయాలో కావాలంటే నేను సాయం చేస్తాను.